తప్పొప్పుల చీటీ

ఆ బైండింగ్ షాపులో మడతపెట్టేవాళ్ళు చదవకూడదు. గోడ మీద రాసిపెట్టలేదు గానీ, ఓనరు రోజుకోసారైనా ఆ మాట అనేవాడు. "కళ్ళు అక్షరాల మీద పడితే చెయ్యి ఆగిపోతుంది. మీ పని మడత. చదవడానికి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు."

పదకొండేళ్ళుగా అక్కడ కాగితాలు మడుస్తున్న ఆమెను అందరూ మడతక్క అని పిలిచేవాళ్ళు. మంచం దుప్పటంత కాగితం మీద పదహారు పేజీలు, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. సగం తిన్నగా, సగం తలకిందులుగా. చెక్కబద్దతో ఒత్తుకుంటూ మూడుసార్లు మడిస్తే అదొక ఫారం. అప్పుడు గానీ పేజీలు వరసలోకి రావు. మడవకముందు డెబ్బై నాలుగో పేజీ పక్కన డెబ్బై ఒకటో పేజీ ఉంటుంది. అందుకే మడతక్క ఇన్నేళ్ళలో ఒక్క కథనూ తిన్నగా చదివి ఎరగదు. ముందు చచ్చిపోయి తర్వాత పెళ్ళి చేసుకునే మనుషులు ఆమెకు మామూలే.

ఈ పుస్తకాన్ని మాత్రం చదవాలనే కాచుకుని కూర్చుంది. ఇందులో తన చెల్లెలి కథ ఉంది.

చెల్లెలు ఒకప్పుడు, జనం ఫోన్లలో కొనే సామాన్లను అట్టపెట్టెల్లో సర్దే గోడౌన్‌లో పనిచేసేది. రెండేళ్ళ కిందట అక్కడ పెట్టెల్ని మోసుకెళ్ళే బెల్టులో చెయ్యి ఇరుక్కుని, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. బెల్టు గీరుకుంటోంది, ఒక్కసారి ఆపండి అని ఆ ఉదయం మూడుసార్లు అడిగింది. ఎవరూ ఆపలేదు. తర్వాత ఆసుపత్రి మంచం దగ్గరికి ఒక కాగితం తెచ్చి, ఎడమచేతి వేలిముద్ర వేయించుకుపోయారు. మత్తు దిగాక చదివితే అందులో 'సొంత నిర్లక్ష్యం' అని ఉంది. ఆ మాట చుట్టాల దాకా పాకింది. "ఈ కాలం పిల్లలు కదా, ఫోను చూసుకుంటూ ఉండుంటుందిలే" అని సొంత పెద్దమ్మే అంది.

ఆ రోజుల్లోనే రచయిత్రి వచ్చింది. నాలుగు రోజులు వాళ్ళ ఒంటిగదిలో చాప మీద కూర్చుని, ఇచ్చినన్ని టీలు తాగుతూ, చెల్లెలు చెప్పిందంతా రాసుకుంది. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరనీ, గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలనీ చెల్లెలు చెప్పింది. ఆ రోజు హడావుడిలో తిరిగి ఇవ్వకుండా తన జేబులోనే ఉండిపోయిన ఇత్తడి బిళ్ళ కూడా చూపించింది. దాని మీద పెట్టె నంబరు రెండువందల పన్నెండు. రచయిత్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు బాధపడకు తల్లీ. కంపెనీ రాసింది ఒక్క కాగితం. నేను పుస్తకమే రాస్తాను" అంది.

చెల్లెలు ఆ పుస్తకం కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. అది అక్క చేతికే మడతకు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి సాయంత్రం గుమ్మంలోనే అడిగేది, "వచ్చిందా నా ఫారం?" అని.

ఐదో ఫారం శుక్రవారం వచ్చింది.

మడతక్క మొదటి కాగితం బల్ల మీద పరిచింది. ఎడమవైపు డెబ్బై నాలుగో పేజీలో ఒకమ్మాయి ఆసుపత్రి మంచం మీద ఏడుస్తోంది. "తప్పు నాదే. ఎవర్నీ ఏమీ అనకండి" అంటోంది. మడతక్కకు అర్థం కాలేదు. పక్కనున్న డెబ్బై ఒకటో పేజీకి వచ్చింది. ఎరుపు రిబ్బను, పెదవి మీద పుట్టుమచ్చ, దగ్గొచ్చినప్పుడు మోచేయి అడ్డం పెట్టుకోవడం, అన్నీ చెల్లెలివే. తొమ్మిదో పంక్తిలో ఇలా ఉంది: 'ఆమె ఎడమచేతిలో ఫోను వెలిగింది. అతని సందేశం. ఆ నవ్వు పూర్తికాకముందే బెల్టు ఆమె కుడిచేతిని లాక్కుంది.'

మడతక్క చెయ్యి ఆగిపోయింది.

ఎవరా అతను? చెల్లెలికి సందేశాలు పంపేవాడే ఉంటే, ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా చూడ్డానికి రాడా? అరికాలి మంట నెత్తికెక్కింది. కంపెనీవాళ్ళు అబద్ధం రాశారంటే వాళ్ళకు దానితో పని ఉంది. ఈవిడకేం పని? ఆ టీలు నేలపాలు చేసినా బాగుండేది.

"ఏమ్మా, చదువుతున్నావా?" ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచే అరిచాడు.

"లేదు సార్. మండుతున్నా."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, ఆ ఫారం ఇంకా రాలేదని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలితో ఆడిన మొదటి అబద్ధం అది.

శనివారం మధ్యాహ్నం రచయిత్రే షాపుకు వచ్చింది. సోమవారం సాయంత్రం ఆవిష్కరణ సభ. ప్రతి పుస్తకంలో అంటించడానికి మూడువందల తప్పొప్పుల చీటీలు అచ్చు వేయించి తెచ్చింది. పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్ళు. అచ్చుతప్పులు ఏడు. కింద మూడు వరసలు ఖాళీ.

"ఒక్క తప్పు కూడా ఉండకూడదు నాకు. చాలా పట్టింపు" అని ఓనరుతో నవ్వుతూ చెబుతోంది.

మడతక్క ఫారం పట్టుకుని ఎదురుగా వెళ్ళి నిలబడింది. "మేడమ్, నన్ను గుర్తుపట్టారా? మా ఇంట్లో నాలుగు రోజులు కూర్చున్నారు."

రచయిత్రి కళ్ళు చిట్లించి చూసి, మొహం విప్పార్చుకుంది. "అయ్యో, నువ్వా! నువ్విక్కడ చేస్తావా? చెల్లెలు ఎలా ఉంది?"

"మీరు రాసినట్టు లేదు. దాని చేతిలో ఫోను ఎక్కడిది మేడమ్? బిళ్ళ చూశారు కదా మీరు."

"ఓ, అదా." ఆవిడ గొంతు క్లాసులో పాఠం చెప్పే గొంతైపోయింది. "అది మీ చెల్లెలు కాదమ్మా. పాత్ర. ఈ కాలం మనిషి ఎలా బతుకుతున్నాడో కథలో కనపడాలి. ఫోను లేకుండా ఈ కాలం ఎక్కడుంది చెప్పు? ముందుమాటలో ఏం రాశారో చూడు, ఆధునిక జీవితానికి నిలువుటద్దం అన్నారు."

"రిబ్బను మాది, మచ్చ మాది, దగ్గు కూడా మాదే. ఫోనొక్కటే మీదా?"

షాపులో కుట్టు మిషను ఆగింది. ఓనరు గల్లా వదిలి లేచాడు. "ఏయ్, ఏంటా మాటలు? పోయి పని చూసుకో!"

"ఉండండి సార్. మేడమ్, బెల్టు ఆపమని మూడుసార్లు అడిగింది మా చెల్లి. ఒక్కసారైనా రాశారా?"

"అది రాస్తే కరపత్రం అవుతుంది, కథ అవ్వదు." రచయిత్రి చేతిసంచి సర్దుకుంది. "పాఠకుడు తనని తాను చూసుకోవాలి. బెల్టులో ఎవరు చూసుకుంటారమ్మా? ఫోన్లో అయితే అందరూ చూసుకుంటారు."

"అయితే ఆ చీటీలో ఇంకో వరస వేయించండి. డెబ్బై ఒకటి, తొమ్మిది."

ఆవిడ పకపకా నవ్వింది. అందులో కోపం కూడా లేదు. మడతక్కను కాల్చింది అదే. "చీటీ అక్షరాల తప్పులకమ్మా, కథకు కాదు" అని ఓనరు వైపు తిరిగింది. "సోమవారం పన్నెండుకల్లా బండి పంపిస్తా."

ఆవిడ వెళ్ళాక ఓనరు పావుగంట తిట్టాడు. ఆదివారం షాపుకు సెలవు. చీటీలు అంటించే పని మిగిలిపోయిందని తాళంచెవి మాత్రం ఆమెకే ఇచ్చాడు. తిట్టిన నోటితోనే పని చెప్పడం ఆయనకు అలవాటు.

ఆ సాయంత్రం మడతక్క ఫారం తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. చెల్లెలు రెండు పేజీలూ చదివింది. ఏడవలేదు. మొండిచేతిని ఆ పంక్తి మీద ఆనించి, "పెద్దమ్మకు ఈ పుస్తకం బాగా నచ్చుతుందక్కా" అంది.

"నోర్ముయ్. రేపు నాతో షాపుకు రా. పెన్ను తెచ్చుకో."

ఆదివారం పొద్దున్నే అక్కాచెల్లెళ్ళు బల్లకు చెరోపక్క కూర్చున్నారు. ఎనిమిదో వరసలో పేజీ, పంక్తి, తప్పు, మూడు గళ్ళూ మడతక్క నింపింది. 71. 9. చేతిలో ఫోను. నాలుగో గడి కూడా తనే రాయబోతే చెల్లెలు చీటీ లాక్కుంది.

"అది నా మీద వేసిన తప్పు. ఒప్పు నేనే రాస్తా."

పెన్ను బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య ఇరికించుకుంది. మొదటి చీటీలో అక్షరాలు గడి దాటి బయటికి పోయాయి. పదోది కొంచెం నయం. 'నా ఫోను గేటు పెట్టెలో ఉంది. నం. 212. బెల్టు ఆపమని మూడుసార్లు అడిగాను.' ఒక్క గడిలో ఇమడక ఖాళీగా ఉన్న మిగతా రెండు వరసల్లోకీ దిగింది.

"ఎంత రాస్తావే! తిరిగి పుస్తకం రాస్తున్నావా?"

"నువ్వు మడతపెట్టు, నేను రాస్తా. ఆవిడకన్నా తక్కువే తాగుతా టీ."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే మడతక్కకు కళ్ళు మండాయి. వంద దాటాక చెల్లెలు చేతికి తడిగుడ్డ చుట్టుకుంది. పెన్ను మాత్రం వదల్లేదు. మూడువందలు పూర్తయ్యేసరికి కిటికీలో ఎండ గోడ ఎక్కిపోతోంది.

తప్పొప్పుల చీటీని చివరి అట్ట లోపల, అంచుకు చుక్క బంక పెట్టి అంటిస్తారు. కావాలంటే ఊడదీసుకోవచ్చు. మడతక్క ఆ రోజు వెనకవైపంతా బంక పూసి, పుస్తకం పేరూ రచయిత్రి పేరూ పెద్దక్షరాల్లో ఉన్న మొదటి పేజీ మీద, పేరుకు సరిగ్గా కింద అంటించి, అరచేత్తో అదిమింది. మూడువందలసార్లు.

సోమవారం బండి వెంట రచయిత్రే వచ్చింది. కట్టలో పైనున్న పుస్తకం తెరిచి, చీటీ చూసి, చివరి వరసల దాకా వెళ్ళి ఆగిపోయింది. శనివారం నాటి నవ్వు ఎక్కడా లేదు.

"ఎవరి రాత ఇది?"

"మీ పాత్రది మేడమ్."

"పీకెయ్యండి! అన్నీ పీకెయ్యండి!"

ఓనరు పరుగున వచ్చి ఒక చీటీ కొస పట్టి లాగాడు. దానితోపాటు కాగితం పొర లేచింది. రచయిత్రి ఇంటిపేరు సగం ఊడి, చీటీకి అతుక్కుని వచ్చింది. ఓనరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సభకు ఆరు గంటలే టైముంది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు మడతక్క వైపు చూడకుండా.

మడతక్క చెక్కబద్ద తుడిచి సంచిలో వేసుకుంది. అది తన సొంతం. గుమ్మం దగ్గర ఆగి, కట్టలోంచి ఒక పుస్తకం తీసుకుంది.

"దీని డబ్బులు జీతంలో పట్టుకోండి సార్. మా పెద్దమ్మకు పంపాలి."