రఘుపతి సారు కంప్యూటరు

రఘుపతి సారు పుస్తకం రాస్తున్నాడన్న సంగతి తెలియనివాళ్లు మక్తల్‌లో లేరు. ఆ పుస్తకంలో ఒక్క పేజీ అయినా చూసినవాళ్లు కూడా లేరు. వ్యవసాయశాఖలో పనిచేసి చుట్టుపక్కల చెలకలన్నీ తిరిగిన మనిషి. వానాధారపు సేద్యం మీద తనకు తెలిసిందంతా పుస్తకంగా తెస్తానని రిటైరైన రోజున సన్మాన సభలో అనేశాడు. శాలువా కప్పినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయన మెడకు చుట్టుకుంది.

పుస్తకం ఎందాకా వచ్చిందని ఎవరడిగినా కంప్యూటరు సతాయిస్తున్నదనేవాడు. అందులో అబద్ధం లేదు. తెలంగాణ వచ్చిన ఏడాది కొన్న డెస్క్‌టాప్ అది. స్విచ్చి వేసి, స్నానం చేసి, పూజ ముగించుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. అది తెరుచుకునేసరికి టిఫిన్ వేళయ్యేది. టిఫిన్ తర్వాత పేపరు చదవాలి. పేపరు తర్వాత కునుకు.

కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా? ఊరంతా సలహా అడిగాడు. అల్లుడు లాప్‌టాప్ కొనమన్నాడు. బ్యాంకులో కనిపించిన గుమాస్తా ఫోనులోనే రాసుకోవచ్చన్నాడు. పాత మిత్రుడు బాలస్వామి దసరా దాకా ఆగితే ధరలు దిగుతాయన్నాడు. అన్నిట్లోకి ఆ సలహా సారుకు బాగా నచ్చింది. బిడ్డకు సంబంధం చూసినప్పుడు కూడా ఇంతమందిని అడగలేదని భార్య సుమన నవ్వింది.

చివరికి రిపేరు దుకాణం కరీంను ఇంటికి పిలిచాడు. అతను డబ్బా విప్పితే చేటెడు దుమ్ము రాలింది.

“కొత్తది దేనికి సార్? మీరు రాసుకునేటందుకు ఇది మస్తయితది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ ఏద్దాం, జర ర్యామ్ పెంచుదాం.”

ఇంత సులువుగా తేలిపోతుందని సారు అనుకోలేదు. ముఖం వాడిపోయింది. మరి కొత్త విండోస్ ఇందులో పడుతుందా అని ఆశగా అడిగాడు. పడదన్నాడు కరీం. కావాలంటే ఉచితంగా దొరికే లినక్స్ వేస్తానని, తెలుగు అందులో బ్రహ్మాండంగా నడుస్తుందని చెప్పాడు. ఆలోచించుకోవడానికి ఇంకొకటి దొరికినందుకు సారు ఊపిరి పీల్చుకుని, తర్వాత చెప్తానని అతన్ని పంపేశాడు.

మర్నాడు ఆయన కూరగాయలు తెచ్చేసరికి బల్ల మీద జాగా ఖాళీగా ఉంది. సుమన కంప్యూటరును ఆటోలో వేసుకుని కరీం దగ్గరికి పోయింది. సాయంత్రానికి తిరిగి తెచ్చి, తీగలు తగిలించి, స్విచ్చి వేసింది. సారు కళ్లద్దాలు తుడిచి పెట్టుకునేలోపే తెర వెలిగింది.

ఆయన పుస్తకానికి పేరు టైపు చేశాడు. అక్షరాలు పెద్దవి చేశాడు, చిన్నవి చేశాడు, నడిమికి జరిపాడు. లేచి మంచినీళ్లు తాగొచ్చి పేరు మార్చాడు. కంప్యూటరు చెప్పిందల్లా రెప్పపాటులో చేసిపెడుతుంటే, మొదటి వాక్యం దొరకక ఆయనకు చెమట పట్టింది.

సుమన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “మీరు చెప్పున్రి, నేను కొడత.”

సారు గొంతు సవరించుకున్నాడు. వ్యవసాయము మన దేశమునకు వెన్నెముక వంటిదని మొదలుపెట్టాడు. ఆమె చేతులు కదలలేదు.

“గిది ఎవరికి చెప్తున్నరు? శాలువా కప్పినోళ్లకా, చెలక దున్నెటోళ్లకా?”

ఆయనకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని మొదటిసారి ఒప్పుకున్నాడు. సుమన కాసేపు ఆలోచించింది. వాళ్లు మక్తల్‌కు వచ్చిన మొదటి ఏడాది వానలు మొహం చాటేసిన సంగతి గుర్తుచేసింది.

“ఒకనాడు జొన్నరొట్టె ముంగట కూసోని తినలే మీరు. మోకాలెత్తు జొన్న ఎండిపోయింది చూసొచ్చిన, ఎట్ల తినాలె అన్నరు.”

సారు ఆ మాట పూర్తిగా మరిచిపోయాడు. ఆమెను జరగమని, కీబోర్డు తనవైపు లాక్కుని, ఒక్క వేలితో అక్షరాలు వెతకడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పుకుపోతోంది.

“జర నిమ్మళంగ చెప్పు,” అన్నాడు సారు. “రొట్టె కాడనే ఉన్న. టకు ట ఒత్తు దొరుకుతలేదు.”

సుమన వంగి చూపించింది. ఆయన రొట్టె పూర్తిచేసి, తర్వాత ఏమైందని అడిగాడు.