కోర్టులో చిన్నాయన

కోవిడ్ నన్ను భాషాకోవిదుణ్ణి చేసింది. జర్మనీలో, ఎష్‌బోర్న్‌ అనే ఊళ్ళో, మా ఐటీ కంపెనీ నా పని సగం చేసి, జీతం సగం చేసి, నోటిని మాత్రం ఫుల్‌టైమ్ వదిలేసింది. ఆ నోటితోనే నాలుగు నోట్లు తెమ్మని మా ఆవిడ మీనాక్షి సలహా. అలా కోర్టు దుబాసీనయ్యాను.

ఆ రోజు కేసు గోవిందరాజులుది. మదనపల్లె వైపు మనిషి. ఊరి కొండను గ్రానైట్ క్వారీకి ఇవ్వొద్దని జనాన్ని పోగేస్తే పోలీసులు పట్టుకెళ్ళారట. ఎలాగో జర్మనీ చేరి ఆశ్రయం అడిగాడు. హింస పెట్టారంటాడే గాని ఏం చేశారో చెప్పడు, నమ్మలేం పొమ్మంది శరణార్థుల ఆఫీసు. ఆ పొమ్మనడం సరైనదో కాదో జడ్జి తేల్చాలి. సరైనదే అంటే గోవిందరాజులుకు విమానం, విమానం దిగితే మళ్ళీ ఆ స్టేషనే.

నడవాలో కూర్చుని ఉంటే పలకరించాను.

“ఏం బావగారూ, అర్జీలు పెట్టి పెట్టి ఎలర్జీ వచ్చిందా?”

మాస్కు వెనక నవ్వాడో లేదో తెలియలేదు. “ఏందో సార్,” అన్నాడు.

వైరస్ పోవాలని హాల్లో కిటికీలన్నీ బార్లా తెరిచారు. వైరస్ సంగతేమో గాని వెచ్చదనం పోయింది. జడ్జి నాకు రూలు గుర్తుచేశాడు. గోవిందరాజులు ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనే చెప్పాలి. ‘ఆయన అంటున్నాడు’ అనకూడదు.

“స్టేషన్లో రెండో రోజు ఏం జరిగింది?”

“కొట్టినారు సార్.”

“ఎలా?”

“బాగా.”

ఆయన తరఫు లాయరమ్మ కళ్ళు మూసుకుంది. జడ్జి పెన్ను కింద పెట్టాడు. “ఆఫీసు ఇంటర్వ్యూలోనూ ఇంతే చెప్పారు. ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి.”

గోవిందరాజులు నా వైపు తిరిగాడు. “మీరు నన్ను బావా అనొద్దు సార్.”

డ్యూటీ డ్యూటీయే. అదీ జర్మన్‌లో చెప్పాను: “మీరు నన్ను బావా అనొద్దు.”

“నేనెప్పుడన్నాను?” అన్నాడు జడ్జి.

“మీరు కాదండీ, నేను. అంటే, దుబాసీని.”

ఎందుకు అనకూడదని అడిగాడు జడ్జి.

“ఇంటర్వ్యూలో వీడియోలో ఒక పాప తెలుగు చెప్పె సార్. చదువుకునే పాప. భయపడొద్దు చిన్నాయనా అనె. నా కూతురంత ఉంటాది. చిన్నాయనా అన్నాక ఆ మాటలు ఆ పాప నోట ఎట్ల పలికించేది? ఈ సారేమో బావా అనె. రేపు ఎగతాళైతాది. ఏ వరసా లేకుంటే చెప్తా.”

చిన్నాయనకు జర్మన్‌లో మాటుంది గాని, అది అక్కరకు రాలేదు. వివరించమన్నాడు జడ్జి. ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలవాలన్నా మాకు చుట్టరికం కావాలండీ, పిలిచాక అది నిజమైపోతుంది, కూతురి వరస ముందు మగవాడు తన ఒంటి మాటలు ఎత్తడు, అన్నాను.

“సరే. దుబాసీకీ మీకూ ఏ సంబంధమూ లేదు. చెప్పండి.”

“నన్ను బట్టలిప్పి బల్ల మీద బోర్లా పండబెట్టినారు.”

“ఆయన్ని…” అనబోయాను. జడ్జి వేలెత్తాడు. “నన్ను,” అన్నాను.

ఆ తర్వాత లాఠీ గురించి చెప్పాడు. అది ఇక్కడ రాయలేను. అక్కడ మాత్రం ఒక్క ముక్క వదలకుండా నన్ను, నాకు, నా ఒంట్లోకి అంటూ పలికాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. టైపు చేస్తున్నావిడ చేతులు రెండుసార్లు ఆగాయి. అంత చలిలో నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్క జోకూ తోచలేదు.

తీర్పు ఈ రోజు ఇవ్వనన్నాడు జడ్జి. ఇలాంటి గాయాలు తెలిసిన డాక్టరు పరీక్ష చేయాలి, అప్పటిదాకా ఈయన్ని ఎక్కడికీ పంపకూడదన్నాడు.

“అంటే కొట్టెయ్యలేదా సార్?”

“లేదండీ. డాక్టరు చూశాక తేలుస్తారు.”

గోవిందరాజులు జడ్జికి దండం పెట్టాడు. లాయరమ్మకు పెట్టాడు. టైపు చేసినావిడకూ పెట్టాడు. నా దగ్గరికి వచ్చేసరికి తల దించుకుని దాటిపోయాడు. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచాను. ఏమని పిలవాలి?