కుట్లు తెగుతాయని

ఆపరేషనయిన ఆరో రోజు పొద్దున కూడా దర్జీ ఉడికిన గుడ్డును కాగితం రుమాల్లో చుట్టి చెత్తబుట్టలో పడేశాడు. పాలు బేసిన్‌లో పోసి, తెల్లటి చార కనబడకుండా నీళ్లు వదిలాడు. మంచం దాకా తిరిగి రావడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

అతని కాలేయంలో సగానికి పైగా ఇప్పుడు అక్క ఒంట్లో ఉంది. మిగిలిన ముక్క కొన్ని నెలల్లో దానంతటదే పెరుగుతుందని చెప్పే సంతకం పెట్టించుకున్నారు. అప్పుడు సరేనని తలాడించాడు. పొట్ట మీద జానెడుకు పైగా సాగిన కుట్టు చూసుకున్నాక ఆ మాట వేరేగా వినిపించసాగింది. ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతున్నవాడు. బిగుతు చొక్కా తొడుక్కుని విందుకెళ్లినవాళ్లు మర్నాడు చిరుగుతో వస్తారని అతనికి తెలుసు. కుట్టును తెంపేది నిండిన ఒళ్లే. లోపల ఆ ముక్క పెరుగుతూ ఉంటే, పైగా తిండి కూడా పడితే? కడుపు ఖాళీగా ఉంచుకుంటే సరి. ఇందులో తప్పేముందో అతనికి కనబడలేదు.

పది గంటలకు డాక్టరమ్మ స్కాను కాగితాలతో వచ్చింది. వెనకే నర్సు, చక్రాల కుర్చీలో అక్కను తోసుకుంటూ.

"ముక్క పెరగాల్సినంత పెరగలేదండీ," అంది డాక్టరమ్మ. "కళ్లు పచ్చబడుతున్నాయి. నిజం చెప్పండి, తింటున్నారా?"

"తింటున్నానమ్మా."

"ప్లేటు ఖాళీగా వస్తోంది, మీ బరువేమో తగ్గుతోంది. ఆ గుడ్లు మంచం తింటోందా?"

అక్క మూతికున్న మాస్కు కిందికి లాగబోతే నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. మాస్కులోంచే అరిచింది. "ఒరేయ్, నువ్విచ్చిన ముక్క ఆకలని గోల పెడుతోందిరా నా కడుపులో! రోజుకు ఐదుసార్లు మేపుతున్నా. నీ దగ్గరున్నది దాని తోబుట్టువే కదా, దాన్ని మాడ్చి చంపుతావా?"

దర్జీ దుప్పటి అంచు మడత పెట్టాడు, విప్పాడు.

"కుట్లు తెగుతాయని..." అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది.

"తిన్నది ఆ కుట్టు మీద పడదండీ. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందు లివర్ గడపే తొక్కుతుంది. తిండిలోని సారం ఆ రక్తంతోనే అక్కడికి చేరుతుంది. తినగానే ఊరే ఇన్సులిన్ కూడా అదే దారిన పోయి పెరగమని పురమాయిస్తుంది. మీరు పస్తుంటే పురమాయింపూ లేదు, కట్టడానికి సరుకూ లేదు."

"మరి పెరగడం ఆగేదెప్పుడు?"

"ఒంటికి చాలినంత అయ్యాక ఆగుతుంది."

"చాలిందని దానికెలా తెలుస్తుంది?"

ఆమె స్కాను కాగితాలు మడిచింది. "కొంత తెలుసు. కొంత మాకూ తెలీదు. కానీ ఆగుతుంది. సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం. ఉన్న ముక్క చాలకపోతే మాత్రం..." అక్క వైపు చూసింది.

దర్జీ తన పొట్ట వైపు చూసుకున్నాడు. గుడ్డ ఎన్నడూ దానంతటది పెరగలేదు. కొలత లేకుండా, సుద్ద గీత లేకుండా, అడగకుండా చీకట్లో పని చేసుకుపోతున్నది ఏదో తనలో ఉంది. ఇన్నాళ్లూ కుట్టు గురించి కాదు తన భయం, దాని గురించి. దాన్ని ఆపాలనే పస్తులున్నాడు. ఆపగలిగాడు కూడా.

"నువ్వు పోతే," అంది అక్క, ఈసారి అరవకుండా, "ఈ ముక్క పెట్టుకుని నేనెట్లా బతకాల్రా?"

నర్సు ఇంకో గుడ్డు తెచ్చి ఒలిచి చేతిలో పెట్టింది. దర్జీ ఎడమ అరచెయ్యి పొట్టకు ఆనించుకుని చిన్న ముక్క కొరికాడు. చాలాసేపు నమిలాడు. మింగాడు. ఊపిరి బిగబట్టి వేచి ఉన్నాడు. లోపల గుడగుడమంది. చెయ్యి తీయలేదు.

"ఇంకా సగముంది," అంది అక్క.

"ఉప్పేదీ?" అన్నాడు.