దాపట కీబోర్డు, వలపట మౌసు

తొర్రూరు బస్టాండు వెనక సోమనర్సయ్య సారు నడిపే కంప్యూటర్ సెంటర్లో పిల్లలు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. అందుకని సారు ఒక పద్ధతి పెట్టాడు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చోవాలి. ఎడమవైపు కూర్చున్నవాళ్లది కీబోర్డు, కుడివైపు కూర్చున్నవాళ్లది మౌసు. సారు ఈ సెంటర్ పెట్టకముందు అరక దున్నిన మనిషి కాబట్టి, జోడెడ్లకు చెప్పే మాటలే పిల్లలకూ చెప్పాడు. ఎడమది దాపట, కుడిది వలపట.

"దాపటి ఎద్దు దాపటనే నడ్వాలె, వలపటిది వలపటనే. జాగలు మారిస్తే సాలు వంకర పోతది" అనేవాడు. పిల్లలు నవ్వుకునేవాళ్లు. నవ్వుకున్నారే గాని చోట్లు మాత్రం మారలేదు.

పూజ దాపట. ఆమెది ఊరికి దూరంగా ఉన్న తండా, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. మొదటిరోజు సెంటర్‌కు వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ పక్కన నిలబడితే, తేజస్విని అనే అమ్మాయి తన పక్క కుర్చీని కాలితో వెనక్కి నెట్టి "కూసో, ఎందుకు నిలబడ్డవ్" అంది. తేజస్విని వాళ్లకు తొర్రూరులోనే బట్టల దుకాణం ఉంది. ఆమె అప్పటికే వలపటి కుర్చీలో, మౌసు మీద చెయ్యి వేసుకుని ఉంది. ఆ రోజు ఆమె ఇచ్చిన కుర్చీని పూజ ఎన్నడూ మరిచిపోలేదు. ఇద్దరికీ స్నేహం అక్కడే కుదిరింది.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. వీళ్లిద్దరూ ఏకంగా ఒక్క మనిషైపోయారు. ఒక మనిషి ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ అన్నమాట. అక్షరాలు పూజవి, తెర మీది బొమ్మలూ బాణమూ తేజస్వినివి. పూజకు ఎప్పుడైనా మౌసుతో పని పడితే అడగడానికి మొహమాటం. ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టినట్టుంటుంది. అందుకని ప్రతి పనికీ కీబోర్డు మీటలు నేర్చుకుంది. అక్షరాలు లావు చేయాలంటే ఒక జత మీటలు, పట్టిక గీయాలంటే ఒక జత, అచ్చు తీయాలంటే ఒక జత. తేజస్విని సంగతీ అంతే. పక్కన అంత వేగంగా కొట్టే వేళ్లుండగా తను టైపింగ్ నేర్చుకోవడం దేనికి? ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుని, ఒక్క వేలితో పొడిచేది.

టీ తాగే వేళ సెంటర్లో ఎప్పుడూ ఒకటే చర్చ: ఏ కంపెనీ ఫోను మేలు, ఏ కంపెనీ లాప్‌టాప్ మేలు అని. కొనే శక్తి లేనివాళ్లకే ఈ చర్చలో గొంతు ఎక్కువ. ఒకసారి సాకేత్ అనే కుర్రాడు సారునే అడిగాడు.

"సార్, మనయి విండోస్ కంప్యూటర్లు, ఆఫీసు సాఫ్ట్‌వేరేమో ఫ్రీది. బయట ఆపిల్ కంప్యూటర్లు పెడుతున్నరట. ఆళ్ల సాఫ్ట్‌వేర్ ఆళ్లకే ఉంటదట. మాకు ఎట్ల?"

"ఏ పొయ్యి మీద వండినా అన్నం అన్నమేరా" అన్నాడు సారు. "ఒక్కటి సక్కగ నేర్సినోనికి కంపెనీతోని పనేంది?"

సారు ఆపిల్ కంప్యూటర్ని బొమ్మలో తప్ప చూడలేదు. అయినా చూసినవాడికంటే గట్టిగా చెప్పాడు. పూజకు ఆ మాట ఎంతో ధైర్యమిచ్చింది. ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చిన కొత్తలో తల్లి వారంపాటు అన్నం మాడబెట్టిన సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

అంతలో భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేటర్ కొలువు ఒకటి ఉందని సారుకు తెలిసింది. ఇద్దరినీ పిలిచి "ఇద్దరు పోండ్రి. ఎవలికొచ్చినా మన సెంటర్‌కే పేరు" అన్నాడు. ఉన్నది ఒక్క కుర్చీ, పోయేది ఇద్దరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తేజస్వినికి కొలువు రాకపోతే బట్టల దుకాణం ఉంది. పూజకు మిర్చి చేను ఉంది. తండ్రి ప్రేమ్‌సింగ్ హైదరాబాదులో బిల్డింగు పనుల మీద ఉన్నాడు. తల్లి కళావతి ఏటా మిర్చి ఏరడానికి కూలీల ముఠాతో కురవి అవతలి చేన్లకు పోతుంది. పోయిన యేడు పూజ కూడా పోయింది. పొద్దంతా మిర్చి ఏరిన వేళ్లు సాయంత్రానికి నిప్పులో పెట్టినట్టు మండుతాయి. ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు, కాబట్టి చేన్లో ఏడుపు కూడా రాకూడదు. ఈసారి ముఠా అప్పుడే మూటలు కట్టుకుంది.

"కొలువొస్తే నీ కుర్చీల నువ్వు కూసో" అంది కళావతి లంబాడీలో. "రాకుంటే నాతో నడువు. ఇంట్ల నిన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి నేను పోను."

"వస్తది యాడీ" అంది పూజ. యాడీ అంటే అమ్మా అని. వేగంలో తనను మించినవాళ్లు తొర్రూరులో లేరని ఆమెకు తెలుసు. అందుకే అంత నిబ్బరంగా చెప్పింది.

భూపాలపల్లి దవాఖానలో బల్లల మీద పల్చటి తెల్లటి తెరలు. వాటి మీద కొరికిన పండు గుర్తు. దవాఖాన యజమానికి ఆ కంపెనీ అంటే మోజట, రిసెప్షన్ నుంచి మందుల గది దాకా అన్నీ అవే. మేనేజర్ మేడం ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చింది. "ఈ ఇంగ్లీషు లెటర్ టైప్ చేసి, పైన హెడ్డింగ్ లావుగా పెట్టి, కింద పట్టిక వేసి, ప్రింటు తియ్యండి. ఎవరిది వాళ్లే చేసుకోవాలి" అంది. ఇద్దరూ అలవాటు కొద్దీ పూజ ఎడమనా తేజస్విని కుడినా పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నారు.

పూజ వేళ్లు మొదలుపెట్టాయి. రేకుల మీద వాన పడ్డట్టే ఉంది. మేడం తల తిప్పి చూసింది, ఆమె ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. ఇక కొలువు తనదేననుకుంది పూజ. మనసులోనే తల్లి మూటలోంచి తన చీరలు తీసి పక్కన పెట్టేసింది.

లెటర్ అయిపోయింది. హెడ్డింగ్ లావు చేసే మీటలు నొక్కింది. అక్షరాలు లావు కాలేదు, తెర మీద మినుకుమినుకుమనే గీత ఒక అక్షరం వెనక్కి జరిగింది. పట్టిక మీటలు నొక్కింది. పట్టిక రాలేదు, స్పీకరు బొమ్మ వచ్చిపోయింది. అచ్చు మీటలు నొక్కితే గీత ఒక వరస పైకెక్కి కూర్చుంది. కంట్రోల్ అనే మీట ఇక్కడా ఉంది. పేరు అదే, బుద్ధి వేరు. నేర్చుకున్న ప్రతి జతనూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. ఒక్కటీ మాట వినలేదు.

ఇక మిగిలింది మౌసు. తెల్లగా, నున్నగా, సబ్బుబిళ్లలా ఉంది. దాని మీద చెయ్యి వేసేసరికి బాణం తెర మూలకు పరుగెత్తింది. పట్టిక బొమ్మ పైవరసలో ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ ఆ బొమ్మల వైపు చూడడం పూజకు అలవాటే లేదు. ఇన్నాళ్లూ అటు చూసింది తేజస్విని కళ్లే.

తేజస్విని లెటర్ సగంలోనే ఆగిపోయి ఉంది, అందులోనూ తప్పులు. అయినా బొమ్మలు వెతికి హెడ్డింగ్ లావు చేసింది, పట్టిక వేసింది. కంపెనీ మారినా బొమ్మలు బొమ్మల్లాగే ఉన్నాయి. ఆమె ఒకసారి పూజ తెర వైపు చూసింది. చూడగానే ఆమె చెయ్యి, రోజూ సెంటర్లో వచ్చినట్టే, పూజ మౌసు వైపు వచ్చింది. పూజ కూడా రోజూ జరిగినట్టే పక్కకు జరిగి తోవ ఇచ్చింది.

మేడం గొంతు సవరించుకుంది. తేజస్విని చెయ్యి సగంలో ఆగింది, తర్వాత వెనక్కి పోయింది. ఆమె మళ్లీ పూజ వైపు చూడలేదు.

కాసేపటికి మేడం రెండు తెరలూ చూసింది. "లెటర్ ఇంత వేగంగా కొట్టినదానివి, చిన్న పట్టిక వేయలేకపోయావేంటమ్మా?"

"మా సెంటర్ల వేరే కంపెనీయి మేడం. మీటలు వేరే ఉంటయి."

"కంపెనీ ఏదైతే ఏం? తెర మీద కనిపిస్తూనే ఉంది కదా, నొక్కడమే." మేడం కోపంగా అనలేదు, జాలిగానే అంది. "నీకు టైపింగ్ వచ్చమ్మా, కంప్యూటర్ రాదు. ఈ అమ్మాయికి టైపింగ్ నెమ్మది, అది పనిలో పడితే అదే వస్తుంది."

ఏడాదంతా మౌసు నా చేతికి రాలేదు మేడం అని చెబుదామనుకుంది పూజ. పక్కనే తేజస్విని నిలబడి ఉంది. కుర్చీ ఇచ్చిన మనిషి ముందు ఆ మాట నోట రాలేదు. కొలువు తేజస్వినికే దక్కింది.

తిరుగు బస్సులో పరకాల దాటాక తేజస్వినే మొదలుపెట్టింది.

"చెయ్యి పెట్టబోయిన గదనే. మేడం చూసింది."

"చూసిన."

"కోపమొచ్చిందా?"

"ఏడాది నీ పక్కన కూసున్న. ఒక్కనాడన్న మౌస్ పట్టుకో అన్నవా?"

"నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?"

రెండూ నిజాలే. కుర్చీ ఇచ్చినదాన్ని మౌసు కూడా అడగడం అత్యాశ అనుకుంది పూజ ఇన్నాళ్లూ. అడగలేదంటే అక్కర్లేదేమో అనుకుంది తేజస్విని. తొర్రూరులో దిగి ఎవరి దారిన వాళ్లు పోయారు.

మర్నాడు పూజ సెంటర్‌కు వెళ్లి జరిగింది చెప్పింది. సారు చిన్నబుచ్చుకున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంపెనీ మీద పెట్టకు బిడ్డా" అన్నాడు.

"మద్దెలకు రెండు దిక్కులుంటయి సార్" అంది పూజ. "మీరు నాకు ఒక్క దిక్కే ఇచ్చిండ్రు."

సారు వెనక కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఒకే కంప్యూటర్ ముందు సర్దుకుని కూర్చుంటున్నారు. ఒకతను అప్పుడే మౌసు మీద చెయ్యి వేశాడు. పూజ అది చూసి ఇక అక్కడ నిలబడలేకపోయింది. ఇంటికి పోయి మూట నెత్తికెత్తుకుంది.

కురవి అవతలి చేన్లో మిర్చి ఏరుతుండగా ఒకనాటి మధ్యాహ్నం తేజస్విని ఫోను చేసింది. చిట్యాలలో మేనత్త ఇంట్లో ఉండి రోజూ భూపాలపల్లి పోయి వస్తోందట. ఏడుస్తూ చెప్పుకొచ్చింది.

"రిపోర్టులు కుప్పలు పడ్డయే. నా వేళ్లు ఉరుకుతలెవ్వు. ఇయ్యాల మేడం అందరి ముందట అన్నది, గిట్లయితే ఇంకొకలను సూసుకుంటమని. నేను కాయితాల ఫోటోలు పంపుత, నువ్వు సారు సెంటర్ల కొట్టి పంపుతవా? ఎవలికి తెల్వదు."

పూజ తన చేతివేళ్ల వైపు చూసుకుంది. ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. స్నేహితురాలి ఏడుపు వింటే జాలేసింది. ఆ ఎవలికి తెల్వదు అన్న మాటకు ఒళ్లు మండింది. రెండూ ఒక్కసారే కలిగాయి, ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు. అటు సాలులో కళావతి నడుం ఎత్తి కూతురి వైపు చూస్తోంది.

"నేను మిర్చి చేన్ల ఉన్న, సెంటర్ల లేను" అంది పూజ నెమ్మదిగా. "ఉన్నా గట్ల పంపను. మీ మేడంకు నిజం చెప్పు. ఇన్నొద్దులు ఇద్దరం కలిసి ఒక్క పని నేర్సుకున్నమని చెప్పు. రమ్మంటే నేనొస్త. నీకు టైపింగ్ నేర్పుత."

"నిజంగ వస్తవా పూజా?"

"వస్త. గని వలపట నేను కూసుంట."

తేజస్విని ఏమంటుందోనని పూజ ఫోను పెట్టేయలేదు. కళ్లలో నీళ్లు నిండాయి, మిర్చి చేత్తో తుడుచుకోలేక ఫోను అలాగే చెవికి ఆనించుకుని నిలబడింది.