బస్తా కదలని మలుపు

ఆదివారం ఫోటోలు పెట్టమని నాలుగు రోజులుగా అందరూ అడుగుతున్నారు. పెడతాను. ముందు ఇది చదవండి. నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి, బైకు సీట్లు కుట్టుకుని బతికేవాణ్ణి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఈమధ్య మన పేజీలో చేరినవాళ్ళకి మా మూడు చక్రాల బండి సంగతి తెలియదు. మా బావ, అంటే మా అక్క మొగుడు, లేతు మిషను పని చేసేవాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పాతసామాన్ల కొట్లో తుప్పుపట్టి పడున్న మోటారు సైకిల్ని తెచ్చుకుని, ఇంజను మొత్తం తనే విప్పి బిగించి, ఎడమ పక్కన ఇంకో చక్రం, దాని మీద ఒక చెక్క బల్ల కట్టాడు. రేసులో ఆ బల్ల మీద ఒక మనిషి ఉండాలి. సీటు ఉండదు. పట్టుకోవడానికి రెండు ఇనప కడ్డీలు, అంతే. ఎడమ మలుపొస్తే ఆ మనిషి బయటికి వేలాడాలి, భుజం రోడ్డుకి జానెడు ఎత్తులో. కుడి మలుపొస్తే తోలేవాడి వీపు వెనక్కి పాకి వెనక చక్రం మీద బరువెయ్యాలి. అలా చేయకపోతే బండి తిరగదు, లేదా తిరగబడుతుంది. ఆ మనిషి నేనే. అందుకే నన్ను బస్తా అనేవారు.

"బస్తా ఎక్కిందా?" అనేవాడు బావ, వెనక్కి చూడకుండా.

"ఎక్కింది. తోలేవాడికి లైసెన్సుందా?" అనేవాణ్ణి.

పదకొండేళ్ళు ఇదే మాట. నెలకో ఆదివారం, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద. మాతో పోటీపడేవాళ్ళు ఎవరనుకున్నారు? ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు బస్సు డ్రైవర్లు, గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన. కొన్ని బళ్ళు వాటిని తోలేవాళ్ళకంటే వయసులో పెద్దవి. సగం బళ్ళని మొదలుపెట్టిన చోటికి నెట్టుకుంటూ తేవాల్సి వచ్చేది. ఓడితే నడుంనొప్పి, గెలిస్తే నడుంనొప్పితో పాటు ఒక రేకు కప్పు.

ఆ దారి నాకు కంఠతా వచ్చు. ఏ మలుపులో సిమెంటు పగిలిందో, ఎక్కడ గడ్డి మొలిచిందో చెప్పగలను. బావ హ్యాండిలు తిప్పకముందే నేను కదిలేవాణ్ణి. చూసినవాళ్ళు "బావా బామ్మర్దులిద్దరికీ ఒకటే బుర్రరా" అనేవారు. నేను పొంగిపోయేవాణ్ణి.

ఆ చెక్క బల్ల చేసింది మా వీధి వడ్రంగి. సన్నటి మనిషి, మాట తక్కువ. చెక్కని అరచేత్తో నిమిరి అది ఏ పక్కన పగులుతుందో చెప్పేవాడు. ప్రతి రేసుకీ వచ్చి, బల్లకి మేకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఒక పక్కన నిలబడేవాడు. తను కూడా ఒక్కసారి ఎక్కాలని అతనికి ఉందని అందరికీ తెలుసు. నేను దిగితే కదా.

తొమ్మిదేళ్ళ కిందట ఒక రేసుకి మూడు రోజుల ముందు, అందరూ చేరినప్పుడు బావ నా పొట్ట మీద తట్టాడు. "ఈ బస్తాలో ఈ ఏడు ఎవరో రెండు మూటలు ఎక్కువ పోశారు. బండి మూలుగుతోంది పాపం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఉడుకుమోత్తనం పట్టుకుంది. నడుం పట్టేసింది, ఈ ఆదివారం రానని కబురు పెట్టాను. నడుం శుభ్రంగా ఉంది.

శనివారం సాయంత్రం వడ్రంగి ఫోను చేశాడు.

"అన్నా, రేపు నీ చోట నన్ను ఎక్కమన్నారు. ఒక్క ముక్క చెప్పు. ఎప్పుడు కదలాలి?"

"బావ హ్యాండిలు తిప్పాక కదులు. ముందే కదిలితే బండి తూలుతుంది. తొందరపడకు."

"తిప్పాకే. సరే అన్నా. నడుం ఎలా ఉంది?"

"ఉంది" అన్నాను.

అది తప్పు మాట కాదు, కొత్తవాళ్ళకి ఎవరైనా అదే చెబుతారు. నేను మాత్రం ఏనాడూ అలా చేయలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

మర్నాడు నీళ్ళ ట్యాంకు దగ్గర కుడి మలుపులో బండి తిరగలేదు. నేరుగా పోయి మట్టికట్ట ఎక్కింది. బావకి భుజం విరిగింది, పక్కటెముకలు మూడు విరిగాయి. వడ్రంగి ఆస్పత్రి దాకా రాలేదు, దారిలోనే పోయాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో బావ ఒకటే అన్నాడు. "వాడు కదల్లేదు."

ఆ మాట వీధులు తిరిగి "ఆలస్యంగా వంగాడట"గా మారింది. దానికి తోక కూడా వచ్చింది: "బస్తా ఉండుంటే ఇలా అయ్యేదా?" వినడానికి ఆ తోక చేదుగా ఉండాలి కదా. నాకు తియ్యగా ఉంది. మీలో చాలామందితో నేనే అన్నాను, నేనుంటే అలా అయ్యేది కాదని.

వడ్రంగి భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒకసారి ప్యాంటుకి జిప్పు వేయించుకోవడానికి వెళ్తే మిషను ఆపి అడిగింది.

"అన్నయ్యా, మీకు తెలుస్తుంది కాబట్టి అడుగుతున్నా. నిజంగా ఆయన తప్పేనా? చేతకాని పనికి పోయి చచ్చాడని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. పనిలో ఆయనకి చేతకాలేదన్న మాట నేనెప్పుడూ వినలేదు."

"కొత్తవాడు కదమ్మా. ఆలస్యంగా కదిలాడు."

ఆమె తలూపింది. దారం పళ్ళతో కొరికి ప్యాంటు నా చేతికిచ్చింది.

ఇక మొన్నటి ఆదివారం. రేసు కాదు, పాతవాళ్ళందరూ పాత బళ్ళ మీద మెల్లగా ఒక చుట్టు తిరగడం. స్పీడు నలభై దాటకూడదని ముందే చెప్పారు. తొమ్మిదేళ్ళ తర్వాత బావ బండి మీది దుప్పటి తీశాడు.

"గ్లాసు పక్కన టీ పోసుకునే మనిషి బండి తోలతానంటున్నాడు. నువ్వైనా చెప్పరా" అంది అక్క.

"దగ్గరివి కనపడవే. దూరానివి బాగానే కనపడతాయి" అన్నాడు బావ.

నేను నమ్మాను. నాకూ ఎక్కాలని ఉంది మరి.

వడ్రంగి ఫోటోకి దండ వేస్తున్నామని చెబితే ఆయన భార్య మొదటిసారి వచ్చింది. అందరూ రేకుల షెడ్డు దగ్గర కూర్చుంటే, ఆమె కుర్చీ తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర వేసుకుంది.

"బస్తా ఎక్కిందా?"

"ఎక్కింది. తోలేవాడికి లైసెన్సుందా?"

మొదటి రెండు మలుపుల్లో ఫోటోల కోసమని పాత పద్ధతిలో వేలాడాను, పాకాను. మోకాళ్ళు కరకరలాడాయి. మూడోది ట్యాంకు మలుపు. నలభైలో పోయే బండికి బరువు అటూఇటూ మార్చాల్సిన పనే లేదు. ఆమె కనిపించేసరికి చెయ్యి ఊపుతూ కూర్చుండిపోయాను.

బండి తిరగలేదు. నేరుగా గడ్డిలోకి దిగి, వరసగా పేర్చిన టైర్లని తోసుకుని మెత్తటి మట్టిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజను ఆగిపోయింది.

"ఎందుకు కదల్లేదురా?" అన్నాడు బావ.

"నలభైలో కదలడమేంటి బావా? నువ్వు తిప్పాలి కదా."

"నువ్వు కదిలితే కదా మలుపొచ్చిందని నాకు తెలిసేది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"కంటి నరం ఎండిపోతోందని వడ్రంగి పోవడానికి నాలుగేళ్ళ ముందే డాక్టరు చెప్పాడు. ఎండలో రోడ్డూ గడ్డీ ఒకటే తెలుపు. ఆ నాలుగేళ్ళూ నీ మోకాలు నా వీపుకి తగిలితే తిప్పాను, నువ్వు ఎడమకి వేలాడితే తిప్పాను. చెబితే బండి దింపేస్తారు."

"మరి ఆ రోజు?"

"మొదటి రెండు మలుపులూ ముందు బళ్ళ చప్పుడుని బట్టి తిప్పాను. ఇక్కడ వాడు కదుల్తాడని నేను చూస్తున్నా. నేను తిప్పుతానని వాడు చూస్తున్నాడు కాబోలు."

కాబోలు కాదు. అలా చూడమని చెప్పింది నేనే. బావకి అప్పుడే చెప్పాను, ఆ ఫోను సంగతి. ఆయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

"ఆమె ఎక్కడుంది?" అన్నాడు.

"ఇరవై అడుగుల్లో. కుర్చీలోంచి లేచి మననే చూస్తోంది."

"తీసుకెళ్ళు."

నా భుజం పట్టుకుని నడిచాడు. ఆమెకి ఎదురుగా నిలబడ్డాననుకుని ఖాళీ కుర్చీతో మాట్లాడాడు. నాతో అన్నదే మళ్ళీ అన్నాడు, ఒక్క మాట దాచకుండా. నేను నా ఫోను సంగతి చెప్పాను, పట్టని నడుం సంగతి కూడా. ఆమె చివరిదాకా విని, బావని కాకుండా నన్ను అడిగింది.

"ఈయనకి కనపడదని మీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడేనమ్మా."

"అంటే ఏం జరిగిందో తెలియకుండానే తొమ్మిదేళ్ళు ఆయన తప్పని చెప్పారా అన్నయ్యా?"

 ఆమె కుర్చీ మడిచింది.

"నలుగురిలో అన్నారు. నలుగురిలోనే చెప్పండి."

నేను షెడ్డుకి వెళ్ళేసరికి మైకువాడు తీగలు చుట్టేస్తున్నాడు. పళ్ళ డాక్టరు, ఇంకో ఏడెనిమిది మంది మిగిలారు. వాళ్ళకి గొంతెత్తి చెప్పాను. విన్నారు. ఒకాయన "ఇప్పుడెందుకులే బస్తా, పాత సంగతులు" అన్నాడు. నేను తిరిగి చూసేసరికి ఆమె గేటు దాటేసింది. మడిచిన కుర్చీ గేటుకి ఆనించి ఉంది.

ఆ ఏడెనిమిది మంది నలుగురి కింద లెక్క కాదు. ఈ పేజీలో మూడువేల మంది ఉన్నారు, ఆ మాట నా నోట విన్నవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వడ్రంగి ఆలస్యంగా కదల్లేదు. తనకి చెప్పినట్టే చేశాడు. ఇది మీ ఇళ్ళల్లో కూడా చదివి వినిపించండి. వడ్రంగి తల్లికి చదువు రాదు, రేపు నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను, లోపలికి రానిస్తే.