చెప్పులు విప్పని పిల్లలు

తిరువూరు శివారు బడిలో దళితపేట పిల్లలు పదకొండు మందిని ఆరోజు కూడా గుమ్మం బయట ఎండలో నిలబెట్టారు. చెప్పులు విప్పి లోపలికి రమ్మంటే విప్పరట. అదీ వాళ్ళ నేరం! పేటను తగలబెట్టినవాళ్ళు మాత్రం బెయిలు మీద వచ్చి నీడపట్టున కూర్చున్నారు.

అయిదు నెలల కిందటి మాట. పత్తి ఏరే ఆడకూలీ మీద ఆసామి వెంకటప్పయ్య మనుషులు చెయ్యి వేశారని అంతోనమ్మ కూలీల ముఠా ఆయన చేలో పని మానేసింది. మూడోనాడు మిట్టమధ్యాహ్నం ఆ మనుషులే ట్రాక్టర్ల మీద వచ్చి పేటలో ఇళ్ళు కాల్చారు. అంతోనమ్మ కొడుకు సుందరరాజును కొట్టి చంపారు. అప్పటినుంచీ ట్రాక్టరు చప్పుడు వింటే పేట పిల్లలు మంచాల కింద దూరుతున్నారు. సుందరరాజు కూతురు గ్లోరి, పదమూడేళ్ళది, నిద్రలో కూడా చెప్పులు విప్పదు. దాన్ని చూసి మిగతా పిల్లలూ విప్పడం మానేశారు.

అంతోనమ్మ దాన్ని మొండితనమే అనుకుంది. ఆదివారం ప్రార్థనలో కూడా చెప్పులు విప్పలేదని, అందరి ముందూ పరువు పోయిందని మనవరాలి చెంప పగలగొట్టింది. పిల్ల ఏడవలేదు.

"ఆరోజు నాకు చెప్పుల్లేవు నాయనమ్మా. కంపముళ్ళు గుచ్చుకుని పడిపోయాను. నాన్న నాకోసం వెనక్కొచ్చాడు."

ముసలిది ఆ పూట అన్నం పళ్ళెం పక్కకు నెట్టేసింది. కొట్టిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పేటంతా కూడింది. ఆటో నడిపే మరియదాసు ముందుగా నోరు విప్పాడు.

"గ్లోరి కోర్టులో సాక్ష్యం చెప్పకపోతే పిల్లల్ని లోపలికి రానిస్తారంట పిన్నీ. బడి కమిటీలో వెంకటప్పయ్య మాటేగా చెల్లేది. రాజీ పడదాం."

"మా తాత పెద్దవీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు," అంది అంతోనమ్మ. "ఇప్పుడు నా మనవరాలి కాళ్ళ మీద కూడా వాళ్ళ పెత్తనమేంట్రా? పిల్లల్ని డాక్టరుకి చూపించాలి, బడికి పంపాలి. కేసు మాత్రం వదిలేది లేదు."

మరియదాసు తల దించుకున్నాడు. ముఠాలో అందరికన్నా వయసులో పెద్దదైన ప్రేమావతి లేచింది. "మన పద్ధతి మనకుందిగా. వెళ్తే అందరం, మానితే అందరం. పదండి బడికి."

చెప్పులేసుకుని పెద్దవీధి మధ్యనుంచే నడిచారు. హెడ్మాస్టరు కాశీవిశ్వనాథం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"బడంటే గుడమ్మా. రూలు రూలే."

"మరి మీ కాళ్ళకి బూట్లున్నాయే సార్?" అంది అంతోనమ్మ.

ఆయన తన కాళ్ళవైపు చూసుకున్నాడు. లోపలికెళ్ళి పోలీసులకు ఫోను చేశాడు.

జనం రోడ్డు మీద బైఠాయించారు. విజయవాడ బస్సు ఆగిపోయింది. పోలీసు వ్యాను వచ్చింది, దాని వెనకే వెంకటప్పయ్య ట్రాక్టరు. పని లేకపోయినా ఇంజను ఆపకుండా గర్జిస్తూ నిలబెట్టారు. ఎందుకో అక్కడ అందరికీ తెలుసు. చిన్నపిల్లలు తల్లుల చీరల్లో మొహాలు దాచుకున్నారు. ఇంత నీచం ఎక్కడైనా ఉంటుందా!

"ముందు ఆ ముసలిదాన్ని ఎక్కించండి," అన్నాడు ఎస్సై.

ఇద్దరు పోలీసులు అంతోనమ్మను ఈడ్చారు. చెప్పులు రెండూ తెగి రోడ్డు మీద పడ్డాయి. వ్యాను తలుపు మూశారు.

కిటికీలోంచి ఆమె మనవరాలి కోసం వెతికింది. గ్లోరి జనాన్ని తోసుకుంటూ వస్తోంది. వ్యాను పక్కన వంగింది. అయిదు నెలలుగా విప్పని చెప్పులు విప్పి కిటికీలోంచి లోపలికి అందించింది.

"వేసుకో నాయనమ్మా."

"మరి నీకో?"

"నేనింక పరిగెత్తను."

పిల్ల ఉత్తకాళ్ళతో నడిచి వెళ్ళి ట్రాక్టరు ముందు చక్రాల దగ్గర కూర్చుంది. ఒళ్ళు వణుకుతూనే ఉంది, అయినా లేవలేదు. మిగతా పదిమంది చెప్పులతోనే వచ్చి దాని పక్కన చేరారు. వాళ్ళ వెనక తల్లులు. మరియదాసు తన ఆటోను తెచ్చి వ్యానుకు అడ్డంగా పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అంతోనమ్మ ఆ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. మడమలు సగం బయటికే ఉన్నాయి.

"ముఠా కదలొద్దర్రా!" అని కిటికీలోంచి అరిచింది.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి ట్రాక్టరు డ్రైవరే ఇంజను ఆపేశాడు.