ఇంటి మనిషికి కూలేంటి?

శనివారం సాయంత్రం. షెడ్డు ముందు కూలీల వరస. యజమాని కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి చేతిలో నోట్లు పెడుతున్నాడు. ఆ వరస చివర ఆయన చిన్నకోడలు కూడా నిలబడింది. దవడ వాచిపోయి ఒక కన్ను సగం మూసుకుపోయింది. పొద్దుటినుంచి ఆమె కూడా వాళ్ళతో పాటే, అదే ఎండలో వంగి ఉల్లిగడ్డలు పీకింది.

ఆమె వంతు వచ్చేసరికి మామగారు డబ్బుసంచి మూతి ముడేశాడు.

"నీకేంటమ్మాయ్ ఇక్కడ?"

"పన్ను పీకించుకోవాలి మామయ్యా. నా కూలి ఇవ్వండి."

"ఇంటి మనిషికి కూలేంటి! పొలమంతా నీదే కదమ్మా. పంట అమ్మనీ, చూద్దాం."

పోయిన పంటకీ ఇదే మాట. అప్పుడు పన్ను ఒక్కటే సలిపేది. ఇప్పుడు తలంతా సలుపుతోంది. పొలమంతా తనదేనట. డాక్టరు దగ్గరికి పోవడానికి మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేదు.

కూలి తీసుకుని పోతున్న ఒకామె వెనక్కి తిరిగింది. గొంతు పెద్దది గనక అందరూ ఆమెని మైకక్క అంటారు.

"మరి మా కూలి పెంచే సంగతేంటయ్యా?"

"ఎందుకు పెంచాలే? నా కోడలు రూపాయి ఇవ్వకపోయినా చేస్తోంది. మీరు రాకపోతే మా ఇంటి చేతులు చాలు."

సోమవారం కూలి పెంచితేగానీ అంటూ కూలీలెవరూ పనిలోకి దిగలేదు. పడమట మబ్బు పట్టింది. తడిస్తే గడ్డ కుళ్ళిపోతుంది. యజమాని ఇంటిల్లిపాదినీ పొలంలోకి తోలాడు. చిన్నకోడలు, ఆమె మొగుడు, పెద్దత్త. పెద్దత్త అంటే యజమాని అక్క, మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి. ఇక చిన్నకోడలి మొగుడు? జుట్టు కత్తిరించుకోవాలన్నా తండ్రి జేబు వంక చూసే మనిషి.

కూలీలు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"ఏమమ్మా చిన్నకోడలా! మా నోటికాడ కూడు లాగేస్తున్నావే!" మైకక్క అరిచింది.

"నా పొలం నేను చేసుకుంటే నీకేం నొప్పి?"

"నీ పొలమా? అయితే ఒక్క బస్తా ఎత్తుకుపోయి అమ్ముకో చూద్దాం. ముందా పన్ను పీకించుకో తల్లీ!"

గట్టంతా నవ్వింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వంగబోయి ఆగింది. "బస్తా ఎత్తు," అంది మొగుడితో.

"నాన్న చూస్తాడే..."

"చూడనీ. నాదేనన్నాడుగా."

అతను షెడ్డు వంక చూస్తూనే ఎత్తాడు. బస్తా నెత్తిన పెట్టుకుని ఆమె రోడ్డు వైపు నడిచింది. పది అడుగులు వేసిందో లేదో మామగారు షెడ్డులోంచి ఊడిపడ్డాడు.

"దొంగముండా! ఇంట్లో ఉండి ఇంటికే కన్నం వేస్తావా!"

బస్తా పట్టి లాగాడు. మూతి ఊడి గడ్డలన్నీ దారంతా దొర్లాయి. గట్టు మీద ఇప్పుడెవరూ నవ్వలేదు.

"మొన్న నాదేనన్నారు కదా మామయ్యా. ఎత్తుకుంటే దొంగనయ్యానా?"

ఆయన వంగి గడ్డలు ఏరుకోసాగాడు. ఆమె నడుముకి దోపుకున్న, ఉల్లికాడలు కోసే కత్తి అక్కడే పారేసి, పోయి గట్టు మీద కూర్చుంది.

కూలీలు దగ్గర జరిగారు గానీ సఖ్యంగా కాదు. బస్తాలు మోసే పెద్దమనిషి మొహం చిట్లించాడు. "యజమాని కోడలితో మనకేం పొత్తు? రేపు లోపలికి పిలిస్తే పోతుంది. మధ్యలో మనం వెధవలం."

"నోర్ముయ్ బాబాయ్!" మైకక్క కసిరింది. "ఆమె ఊరికే చేసినంతకాలం నీ కూలి పైసా పెరగదు. షెడ్డు ముందు ముసలాడు చెప్పింది అదేగా!"

"అలాగని ఆమె కూలి కోసం మనం పస్తులుండాలా?"

"అడిగితే అందరికీ అడుగుదాం. వంగిన ప్రతి నడుముకీ ఒకటే కూలి."

గొణిగారు, తిట్టుకున్నారు. చివరికి ఆ మాటే ఖాయమని తేలేసరికి పొద్దు వాలింది. పెద్దత్త మెల్లగా గట్టెక్కి వాళ్ళ మధ్య కూలబడింది.

"ఇంటి పిల్లికి ఎలుకే జీతం అంటాడు మా తమ్ముడు. నాకు పళ్ళూడిపోయాయి, ఇంకా ఎలుకల్నే చూపిస్తున్నాడు," అంది.

మర్నాడు మామగారు కబురు పెడితే పోలీసు జీపు వచ్చింది. గట్టు మీద అందరూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. అందరి గోళ్ళలోనూ అదే మట్టి.

"కూలీలు జీపెక్కండి. ఇంటివాళ్ళు ఇంటికి పొండి," అన్నాడు పోలీసాయన.

మైకక్క లేచి జీపెక్కింది. ఆమె వెనకే చిన్నకోడలు.

"అది మా ఇంటి మనిషి! దాన్ని దించండి!" మామగారు కేకలు పెట్టాడు.

పోలీసాయన విసుగ్గా చూశాడు. "నువ్వు కూలీవా? ఏదీ, నీ కూలెంత?"

"అదే కదండీ గొడవ!"

ఆమె చెయ్యందిస్తే పెద్దత్త కూడా ఎక్కింది. జీపు కదిలింది. మైకక్క చిన్నకోడలి దవడ పట్టి చూసి, "స్టేషన్లో డాక్టరుంటాడేమో అడుగుదాంలే," అంది. చిన్నకోడలు నవ్వబోతే నొప్పి ప్రాణం తీసింది.

చినుకులు మొదలయ్యాయి. పీకిన గడ్డలు ఆరుబయటే ఉన్నాయి. మామగారు కొడుకు మీద అరుస్తున్నాడు. కొడుకు గోతంలోకి రెండు గడ్డలు ఎత్తాడు. తర్వాత దాన్ని తడిమట్టిలో వదిలేసి జీపు పోయిన దారి పట్టాడు.

పక్క పొలంలో వేరే ఇంటి కోడలొకామె నడుమెత్తి ఇదంతా చూసింది. ఆమె అత్త కేకేసింది. ఆమె మళ్ళీ వంగలేదు.